మంచుకొండల అవతల మరో బృందం

మన కథల్లో దెయ్యం ఊరికే రాదు. దానికో పగ ఉంటుంది, తీరని కోరిక ఉంటుంది, లేదా ఎవరో చేయించిన ప్రయోగం ఉంటుంది. యండమూరి ‘తులసిదళం’లో పసిపిల్ల మీద చేతబడి జరిగిందంటే దాని వెనక ఆస్తి లెక్క ఉంది. కారణం ఉంది కాబట్టి విరుగుడూ వెతుక్కోవచ్చు. పాఠకుడు ఎంత వణికినా లోపల ఎక్కడో ఒక భరోసా మిగిలే ఉంటుంది. ఆ దెయ్యానికి మనతో పని ఉంది, మనం దాని లెక్కలో ఉన్నాం.

ఆ భరోసాను కూడా లాగేసిన కథలు ఉన్నాయి. కాస్మిక్ హారర్ అంటున్నది వాటినే. ఈ సంప్రదాయానికి పెద్దదిక్కు హోవార్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రపు ప్రావిడెన్స్‌లో 1890లో పుట్టాడు, 1937లో అదే ఊళ్లో పేగు క్యాన్సర్‌తో పోయాడు. మధ్యలో కొన్నాళ్లు న్యూయార్క్‌లో కాపురం పెట్టి, ఇమడలేక వెనక్కి వచ్చేశాడు. చవక కాగితం మీద అచ్చయ్యే ‘వియర్డ్ టేల్స్’ లాంటి పత్రికలకు రాసేవాడు. అవి ఇచ్చేది చాలక, వేరేవాళ్ల రాతలు దిద్దిపెట్టి రోజులు నెట్టుకొచ్చాడు. మనుషుల చట్టాలకూ మమకారాలకూ ఉద్వేగాలకూ ఈ విశాల విశ్వంలో ఏ విలువా లేదన్నదే తన కథలకు పునాది అని 1927లో ‘వియర్డ్ టేల్స్’ సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్‌కు ఉత్తరం రాశాడు. ఆ మాటకు జీవితాంతం కట్టుబడ్డాడు.

ఇందులో తెలుగువాడు కొత్తగా భయపడాల్సింది ఏముంది అని అడగొచ్చు. కాలం ఎంత పెద్దదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. వినాయక చవితినాడు పీట మీద కూర్చున్న పిల్లాడు కూడా సంకల్పం చెప్పుకుంటూ శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం ప్రథమ పాదం అన్నీ దాటుకుంటూ వస్తాడు. కోట్ల ఏళ్లు రెండు ఊపిరుల్లో అయిపోతాయి. అయితే ఆ లెక్క ఎక్కడికొచ్చి ఆగుతుందో చూడాలి. ఈ నది దగ్గర, ఈ ఇంట్లో, ఫలానా గోత్రం, ఫలానా పేరు. అంత కాలమూ వచ్చి పూజ చేసేవాడి ఒళ్లో వాలుతుంది. విశ్వరూపం చూసిన అర్జునుడు గడగడలాడాడు నిజమే, కానీ ఆ రూపం అతనితో మాట్లాడింది, అతను వేడుకుంటే మళ్లీ పాత రూపానికి వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ దగ్గర కల్పాలూ మన్వంతరాలూ ఉన్నాయి గానీ చివర చెప్పుకోవడానికి గోత్రం లేదు. తెలుగు పాఠకుడికి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే అనుకుంటాను.

ఇంత పెద్ద లోటును కథలో పెట్టడం మాటలు కాదు. ‘విశ్వం మనల్ని పట్టించుకోదు’ అని పాత్రల చేత అనిపిస్తే అది ఉపన్యాసం అయిపోతుంది. ఆయన దీన్ని ఎలా సాధించాడో చూడటానికి ‘ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ను మించిన కథ లేదు. 1931 ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాసిన పెద్దకథ ఇది. అంటార్కిటికాకు వెళ్లిన ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ బృందానికి ఏం జరిగిందో భూగర్భ శాస్త్రవేత్త డయ్యర్ చెబుతాడు. చెప్పాలని ఉండి కాదు. ఇంకో బృందం అదే చోటికి బయల్దేరబోతోంది, వాళ్లను ఆపాలి. అందుకే నోరు విప్పుతాడు.

అప్పట్లో ఆ ఖండం ఎప్పుడూ వార్తల్లో ఉండేది. 1929 నవంబరులో రిచర్డ్ బర్డ్ దక్షిణ ధ్రువం మీదుగా విమానంలో ఎగిరాడు. లోపలి భాగం పటాల్లో ఇంకా చాలామటుకు తెల్లగానే ఉండేది. అంటార్కిటికా అంటే చిన్నతనం నుంచీ లవ్‌క్రాఫ్ట్‌కు పిచ్చి. తమాషా ఏమిటంటే ఆయన చలికి బొత్తిగా తాళలేడు, ఉత్తర అమెరికా దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మంచును పుస్తకాల్లోనూ బొమ్మల్లోనూ చూసి రాశాడు. కథలోని కొండలు నికోలస్ రోరిక్ వేసిన ఆసియా కొండల చిత్రాల్లా ఉన్నాయని డయ్యర్ మళ్లీ మళ్లీ అంటాడు. ఆ చిత్రాలను లవ్‌క్రాఫ్ట్ న్యూయార్క్‌లోని రోరిక్ మ్యూజియంలో చూశాడు. ఆ రోరిక్ 1928 నుంచి చనిపోయేదాకా మన కులూ లోయలోని నగ్గర్‌లోనే కాపురమున్నాడు. కాబట్టి ఆ అంటార్కిటికాలో మన హిమాలయం పాలు కొంత ఉంది.

కథ మొదట్లో భయం ఊసే ఉండదు. ఉన్నదంతా సామాను. పేబడీ అనే ఇంజనీరు తయారుచేసిన డ్రిల్లు ఒకటి. తేలిక లోహంతో చేసింది, ఐదంగుళాల వెడల్పున వెయ్యి అడుగుల లోతు దాకా బోరు దించగలదు. పెట్రోలు డైనమో నుంచి కరెంటు పంపి మంచు కరిగించే రాగి ఎలక్ట్రోడ్లు ఉన్నాయి. విమానాలు, కుక్కలు, బళ్లు, అక్షాంశ రేఖాంశాలు, ఏ రోజు ఏ శిల దొరికింది అన్న వివరాలు. యాత్రా నివేదిక చదువుతున్నట్టే ఉంటుంది. కొందరికి ఇక్కడే విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు. కానీ పునాది పడుతున్నది ఇక్కడే. డ్రిల్లు వెడల్పు అంగుళాల్లో చెప్పిన మనిషి తర్వాత ఏం చెప్పినా నమ్మక తప్పదు.

జీవశాస్త్రవేత్త లేక్ కొందరిని వెంటబెట్టుకుని విడిగా వెళతాడు. అక్కడి నుంచి వైర్‌లెస్‌లో సందేశాలు పంపుతుంటాడు. సున్నపురాయి పొరలో డ్రిల్లు దిగి ఒక గుహ బయటపడింది. లోపల ఎముకలు, గవ్వలు. వాటి మధ్య పద్నాలుగు వింత ఆకారాలు. ఎనిమిది చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొత్తం పొడవు ఎనిమిది అడుగులు. పీపా ఆకారంలో ఆరడుగుల మొండెం, దాని మీద పైనుంచి కిందికి ఐదు గట్లు, మధ్యలో మడతపడ్డ రెక్కలు, తల ఉండాల్సిన చోట నక్షత్రచేప లాంటిది. మొక్కో జంతువో తేలడం లేదు. కుక్కలు వాటిని చూసి పిచ్చెత్తినట్టు మొరుగుతున్నాయి, దూరంగా మంచుగోడ కట్టి కుక్కలను అందులో పెట్టాల్సి వచ్చింది.

ఈ సందేశాల్లో లేక్ గొంతు గమనించండి. భయం లేదు, సంబరం ఉంది. ఏ శాస్త్రవేత్తకూ దక్కని అదృష్టం తనకు దక్కిందని ఊగిపోతున్నాడు. బాగున్నవాటిని పాడుచేయడం ఇష్టంలేక, దెబ్బతిన్న ఒకదాన్ని ఎంచుకుని కోయడం మొదలెడతాడు. చర్మం కత్తికి లొంగడం లేదు. కోట్ల ఏళ్ల నాటి శరీరం లోపల ఇంకా మెత్తగానే ఉంది. నాడీమండలం చూస్తే బాగా ఎదిగిన బుర్ర ఉన్న జీవి అనిపిస్తోంది. అన్నీ రాసి పంపించి, పడుకోబోతున్నానని చెప్పి వైర్‌లెస్ ఆపుతాడు. మర్నాడు గాలివాన. ఆ తర్వాత ఆ వైపు నుంచి ఒక్క మాటా రాదు.

పాఠకుడికి అప్పటికే అర్థమైపోయింది, లేక్‌కు కాలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోనే భయమంతా ఉంది. రచయిత ఎక్కడా ‘జాగ్రత్త’ అనలేదు.

డయ్యర్ విమానంలో వెళ్లి చూస్తే శిబిరం ధ్వంసమై ఉంది. మనుషులూ కుక్కలూ చచ్చి పడున్నారు. గెడ్నీ అనే కుర్రాడూ ఒక కుక్కా కనిపించడం లేదు. దెబ్బతిన్న ఆకారాలు ఆరింటినీ ఎవరో మంచులో నిటారుగా పాతి, పైన ఐదు కోణాల దిబ్బలు పోశారు. బాగున్న ఎనిమిదీ లేవు. దీన్ని డయ్యర్ ఒక్కసారిగా చెప్పడు. లోకానికి చెప్పిన కథ ముందు చెబుతాడు: గాలివాన, పిచ్చెత్తిన కుక్కలు, మతి చెడిన గెడ్నీ. తర్వాత ఒక్కో మాటా వెనక్కి తీసుకుంటూ, దాచిన ముక్కలు ఒకటొకటిగా బయటపెడతాడు. కోర్టులో సాక్షి మాట మార్చినట్టు సాగే ఈ పద్ధతి నాకు రాక్షసుల కంటే ఎక్కువ నచ్చుతుంది. చెప్పేవాడు భయపడుతున్నాడని మనకు తెలిసేది అతని విశేషణాల వల్ల కాదు, అతను దాచిపెట్టిన వాటి వల్ల.

విశేషణాల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. ఈయన వాటిని గుప్పిస్తాడు. చెప్పశక్యం కానిది, ఊహకందనిది, పేరు పెట్టలేనిది అంటూ పేజీకి నాలుగైదు చోట్ల తగులుతాయి. ఆయన్ని అనుకరించేవాళ్లు ముందు పట్టుకునేది వీటినే, అందుకే ఆ అనుకరణలు తేలిపోతాయి. ఆయన బలం వేరే చోట ఉంది.

ఆ బలంలో సగం కాలం. డయ్యర్, డాన్‌ఫోర్త్ అనే విద్యార్థి కలిసి ఎవరెస్టును మించిన ఆ కొండల మీదుగా ఎగిరి, అవతల మంచులో కూరుకుపోయిన రాతి నగరంలో దిగుతారు. గోడల మీద చెక్కిన బొమ్మల్లో ఆ జీవుల చరిత్రంతా ఉంది. ఖండాలు విడిపోయి జరగడం కూడా ఆ గోడల మీది పటాల్లో కనిపిస్తుంది. ఖండాలు కదులుతాయన్న వెగెనర్ మాటను అప్పటి భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది కొట్టిపారేసేవాళ్లు. కథ కోసం దాన్ని వాడుకున్న లవ్‌క్రాఫ్ట్ పందెం గెలిచాడు. 1960ల్లో శాస్త్రం అక్కడికే వచ్చింది.

నిజానికి ఈ కాలం లెక్క అబద్ధం కాదు, మనకు దూరమూ కాదు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం, నడవలేని స్థితిలో కూడా దాదాపు 16 కిలోల రాళ్లను బండి మీద లాక్కొచ్చింది. ఆ ఏడాది నవంబరులో శవాలతో పాటు అవీ దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకు శిలాజాలు ఉన్నాయి. నాలుక ఆకారం, నడిమి ఈనె, దాన్నుంచి వల అల్లినట్టు చీలే సన్న ఈనెలు. ఈ ఆకే మన గోదావరి లోయ బొగ్గు పొరల్లోనూ దొరుకుతుంది. కొత్తగూడెం, రామగుండం గనుల్లోంచి సింగరేణి తవ్వుతున్న బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల కంటే ముందటి ఆ అడవులదే. అప్పుడు అంటార్కిటికా, మన దేశం ఒకే నేల. ఆ నేలకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న గోండ్వానా అన్న పేరు గోండుల సీమ నుంచే వెళ్లింది. ఏ రాక్షసుడూ లేకుండానే ఈ లెక్క కాస్త కళ్లు తిరిగేలా చేస్తుంది. లవ్‌క్రాఫ్ట్ చేసిందల్లా ఈ నిజానికి తన అబద్ధాన్ని అతుకు కనపడకుండా కలిపి కుట్టడం.

కానీ గోడబొమ్మల భాగం బాగా లాగాడు. చీకటి వరండాల్లో టార్చిలైటు పట్టుకుని తిరిగిన ఇద్దరు మనుషులు కొద్ది గంటల్లో కోట్ల ఏళ్ల చరిత్రను యుద్ధాలతో సహా చదివేయడం నమ్మశక్యంగా లేదు. డ్రిల్లు దగ్గర సంపాదించుకున్న నమ్మకం ఇక్కడ కొంత ఖర్చయిపోతుంది.

ఆ నష్టం మొత్తాన్నీ పూడ్చే చోటు ఒకటుంది. నగరం లోపల ఒక మూల, శిబిరంలో మాయమైన బళ్లు కనిపిస్తాయి. వాటి మీద టార్పాలిన్‌లో చుట్టిన మూటలు. విప్పితే గెడ్నీ, కుక్క. మెడ దగ్గర దెబ్బ తగిలిన చోట్ల ప్లాస్టరు అంటించి ఉంది. ఇంకా పాడవకుండా జాగ్రత్తగా చుట్టారు. డయ్యర్‌కు అప్పుడు అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది. లేక్ ఆ జీవులకు చేసిందే అవి వీళ్లకు చేశాయి. కోసి చూశాయి, ఒక నమూనాను ఇంటికి పట్టుకెళుతున్నాయి. నిద్రలేచేసరికి చుట్టూ మొరిగే బొచ్చు జంతువులు, ఏవో గుడ్డలు చుట్టుకున్న తెల్ల కోతుల్లాంటివి. అవి మాత్రం ఏం చేస్తాయి? చూసుకుందామని ఇంటికి బయల్దేరాయి, ఇల్లు శిథిలమై ఉంది. ఇంకాస్త ముందుకెళితే ఆ జీవుల్లోనే నాలుగు తలలు తెగి పడున్నాయి. వాటిని చూసి డయ్యర్ అసహ్యించుకోడు. అవి రాక్షసులు కావనీ, తమలాగే తెలుసుకోవాలన్న ఆరాటంతో బతికిన శాస్త్రవేత్తలనీ, ఒక రకంగా మనుషులేననీ అనుకుంటాడు.

భయానకం, అద్భుతం కలిపి నడిపిన కథ ఒక్క పేరాలో కరుణలోకి మళ్లడం ఇది. ఆ పేరా లేకపోతే ఈ కథ మంచి వినోదంగా మిగిలేది. మనిషి విశ్వానికి కేంద్రం కాదని చెప్పడానికి బయల్దేరిన రచయిత, ఆ కేంద్రంలో ఇంకెవరూ కూడా లేరని చూపించాడు. అంత పాత, అంత తెలివైన జాతి కూడా మన పక్కనే నిలబడి అదే అనాథతనాన్ని అనుభవిస్తోంది.

తలలు తెంచినవి షాగత్‌లు. ఆ జీవులు బరువు పనుల కోసం పుట్టించుకున్న బానిసలు. నల్లటి జిగురు ముద్దలు, కావలసినప్పుడు కళ్లూ చేతులూ మొలిపించుకోగలవు. కాలక్రమంలో బుద్ధి పెంచుకుని తిరగబడ్డాయి. వెంటపడిన షాగత్ నుంచి పరిగెడుతూ డాన్‌ఫోర్త్ బోస్టన్ సబ్‌వే స్టేషన్ల పేర్లు వరసగా వల్లిస్తాడు. సొరంగం నిండా దూసుకొచ్చే ఆ ఆకారం అతనికి బాగా తెలిసిన రైలును గుర్తు తెచ్చింది. మతి చెదరడాన్ని ఇంత తక్కువ మాటల్లో చూపించిన చోటు ఆయన రాతల్లో మరొకటి లేదు. వెళ్లిపోతూ విమానంలోంచి వెనక్కి చూసిన డాన్‌ఫోర్త్‌కు ఇంకేదో కనిపిస్తుంది. అదేమిటో ఎక్కడా సరిగ్గా చెప్పడు.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. యజమానుల మీద అంత సానుభూతి కురిపించిన డయ్యర్‌కు బానిసల మీద ఒక్క చుక్క కూడా ఎందుకు లేదు? షాగత్ వైపు నుంచి చూస్తే ఇది తిరుగుబాటు కథ. లవ్‌క్రాఫ్ట్ జాతి విద్వేషం దాచుకున్నవాడు కాదు. ఉత్తరాల నిండా ఉంది, న్యూయార్క్ వలస పేటల మీద రాసిన ‘ద హారర్ ఎట్ రెడ్ హుక్’ నిండా ఉంది. తనకంటే వేరే రంగు మనిషిని చూసి కలిగిన జుగుప్సే చాలా కథల్లో జిగురు ముద్దగా మారింది. వరల్డ్ ఫ్యాంటసీ అవార్డు విజేతలకు ఏళ్ల తరబడి ఇచ్చిన ఆయన తల శిల్పాన్ని మాన్పించాలని రచయితలు గట్టిగా అడిగితే 2015లో మానేశారు. సబబే. మరుసటి ఏడాది నల్లజాతి రచయిత విక్టర్ లావాల్ ‘ద బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’లో అదే రెడ్ హుక్ కథను హార్లెం కుర్రాడి వైపు నుంచి తిరగరాశాడు. పోలీసుల చేతిలో నలిగిన ఆ కుర్రాడికి, తన మీద పగబట్టిన మనుషుల కంటే తనను పట్టించుకోని విశ్వమే నయమనిపిస్తుంది. గురువు పునాది రాయిని అలాగే ఉంచి ఇల్లు మొత్తం తిరగేసి కట్టడం ఇది. ఈ సంప్రదాయానికి ఇంత మంచి విమర్శ నేను చదవలేదు.

లవ్‌క్రాఫ్ట్ ఒక్కడే దీన్ని పుట్టించలేదు. ఇంగ్లండ్‌కు చెందిన ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ 1907లోనే ‘ద విల్లోస్’ రాశాడు. వరదలో ఉన్న డాన్యూబ్ నది మీద చిన్న పడవలో వెళుతున్న ఇద్దరు మిత్రులు ఒక ఇసుక దిబ్బ మీద ఆగుతారు. చుట్టూ నీటి ఒడ్డున పెరిగే పొదలు తప్ప ఏమీ లేవు. ఆ పొదలతోనే ప్రాణం తీస్తాడు. లవ్‌క్రాఫ్ట్ దీన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన పోయాక శిష్యుడు ఆగస్ట్ డెర్లెత్ కథల్ని కాపాడి అచ్చు వేశాడు గానీ, మంచి దేవతలూ చెడ్డ దేవతలూ కొట్టుకుంటున్నట్టు ఒక పురాణం అల్లి పెట్టాడు. లవ్‌క్రాఫ్ట్ తీసేసిన భరోసాను మళ్లీ తెచ్చి పెట్టడమే అది. అసలు వారసులు వేరే దేశాల్లో దొరికారు. పోలండ్‌లో స్తానిస్లావ్ లెమ్ 1961లో ‘సొలారిస్’ రాశాడు. ఒక గ్రహాన్ని నిండుగా కప్పిన సముద్రం, దాని చుట్టూ తరాల తరబడి పోగుపడిన గ్రంథాలు, అయినా దాని మనసు ఎవరికీ అందదు. రష్యాలో స్త్రుగాత్‌స్కీ సోదరులు 1972 నాటి నవలలో ఇంకా కొంటెగా ఆలోచించారు. వేరే లోకంవాళ్లు దారిలో ఆగి, తిని, చెత్త పడేసి పోయారు, మనుషులు ఆ చెత్త ఏరుకుంటూ చస్తున్నారు. ఈ రెండిట్లోనూ ఒళ్లు గగుర్పొడిచే జీవి లేదు. లవ్‌క్రాఫ్ట్ గొంతు చించుకుని చెప్పింది వీళ్లు మామూలు గొంతుతో చెప్పారు. బాగా చెప్పారని కూడా అంటాను.

‘మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ను ఫార్న్స్‌వర్త్ రైట్ తిప్పి పంపాడు. లవ్‌క్రాఫ్ట్ ఆ దెబ్బకు చాలాకాలం కోలుకోలేదు. చివరికి 1936లో ‘అస్టౌండింగ్ స్టోరీస్’ మూడు నెలలపాటు సీరియల్‌గా వేసింది, అదీ పేరాలు ముక్కలు చేసి, చివరి భాగంలో కత్తిరింపులు వేసి. రాతప్రతులు పక్కన పెట్టుకుని పాఠాన్ని సరిదిద్దినవాడు ఎస్. టి. జోషి. పుణెలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్లిన పండితుడు. ఆయన పరిష్కరించిన ప్రతి 1985లో వచ్చింది. చదవదలిస్తే దాని తర్వాతి ప్రతి చూసుకుని చదవండి. గోడబొమ్మల చరిత్ర దగ్గర ఓపిక పోతే నాలుగు పేజీలు తిప్పేసినా కొంప మునగదు. లేక్ వైర్‌లెస్ సందేశాలను మాత్రం, కొలతలతో సహా, ఒక్క ముక్క కూడా వదలకండి.